గోడ మీద కొట్టేసిన అంకె

మా కెమిస్ట్రీ మేడమ్ పోయారు. గుంటూరు నుంచి ఆవిడ తమ్ముడి కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. "అత్తయ్య ఏం బాధపడలేదండీ" అని రెండుసార్లు అన్నాడు. అప్పుడు నేను చీరాలలో మా కాలేజీ ల్యాబులో గాజు సీసాలు కడుగుతున్నాను. చేతులకు తొడుగులున్నాయి. ఆ తొడుగులతోనే ఫోన్ ఎత్తాను కాబట్టి వాటిని పారేసి కొత్తవి వేసుకోవాలి. అది ఆవిడ నేర్పిన పద్ధతే. ఏడుస్తూనే మార్చుకున్నాను.

మర్నాడు స్టాఫ్ రూములో సంతాపం పెట్టారు. అందరం లేచి నిలబడ్డాం, కూర్చున్నాం. ఆవిడతో కలిసి పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు గొంతు సవరించుకుని, "పాపం, మంచి మనిషి. వాన నీళ్ళు పట్టుకుంటూ బతుకంతా గడిపేసింది" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. పెద్దాయన కదా అని అప్పుడు ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను. ఆవిడ మీద కోపం ఉన్నవాళ్ళు కోప్పడండి, తిట్టాలని ఉంటే తిట్టండి, ఆవిడ బతికుండగా చాలామంది చేసిన పనే అది. "పాపం" అని మాత్రం అనకండి.

ఆవిడది గుంటూరు అవతల పత్తీ మిరపా పండే పల్లె. కల్లంలో మిరపకాయల ఘాటు మధ్య పెరిగాను కాబట్టి నా గొంతూ గట్టిదే, మొండితనమూ గట్టిదే అని తనే చెప్పుకునేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, మీరెందుకు చేసుకున్నారో ముందు చెప్పండి అని ఎదురడిగేవారు. అడిగినవాళ్ళు ఆలోచనలో పడేవారు. నేను చీరాల కాలేజీలో ఆవిడ ల్యాబులో అసిస్టెంటుగా చేరింది తొంభైల చివర్లో. మాది దూదేకుల ఇల్లు. మా తాత వీధి వీధీ తిరిగి పరుపుల దూది ఏకేవాడు. చేరిన మొదటి రోజునే మేడమ్ నా చేతులు తిప్పి చూసి, గోళ్ళు కత్తిరించుకుని రమ్మని ఇంటికి పంపేశారు. ఈవిడతో వేగడం కష్టమనుకున్నాను. నిజంగానే కష్టమైంది.

ఆ రోజుల్లోనే మా తీరంలో బొగ్గు కాల్చి కరెంటు చేసే ప్లాంటు ఒకటి వస్తుందని మాట పుట్టింది. కొందరు ఉద్యోగాలొస్తాయన్నారు, కొందరు భూములు పోతాయన్నారు. మేడమ్‌కి పట్టుకున్నది వేరే సంగతి. బొగ్గులో రవ్వంత పాదరసం ఉంటుంది. బొగ్గు కాలితే అది ఆవిరై పొగగొట్టంలోంచి పైకిపోతుంది. గాలిలో ఎంతెంత దూరమో తిరిగి, చివరికి వానతో కిందకి దిగుతుంది. సముద్రంలో పడ్డది అడుగు బురదలో రూపం మార్చుకుని చిన్న చేపలోకి, చిన్న చేపను తిన్న పెద్ద చేపలోకి, ఆ చేపను వండుకు తిన్న బాలింత ఒంట్లోకి చేరుతుంది. ఇప్పుడు మన వానలో ఎంత పడుతోందో కనుక్కుందామని ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఎక్కడికి వెళ్ళినా ఒకటే జవాబు, మన దగ్గర అలాంటిదేం లేదండీ అని. ఎవరు కొలిచారని అడిగితే, ఎవరూ కొలవలేదన్నారు.

తిరిగొచ్చి ల్యాబులో బల్ల మీద సంచీ పడేసి, "లేదు అనడానికి కూడా కొలవాలి గదే అమ్మాయ్" అన్నారు. అలా మొదలైంది.

చీరాలకి దగ్గర్లో సముద్రం ఒడ్డున ఒక జాలర్ల పల్లె ఉంది. అక్కడ స్తంభాల మీద కట్టిన తుఫాను షెల్టరు ఉంది. దాని డాబా మీద తెల్లరంగు వేసిన చెక్కపెట్టె పెట్టాం. పెట్టెలో గాజు సీసా, పైన గాజు గరాటు, గరాటు మీద చెక్క మూత. వాన లేనప్పుడు దుమ్ము, కాకి రెట్ట పడకుండా మూత ఉండాలి. మొదటి చినుకులకే తీసేయాలి. షెల్టరు పక్క గుడిసెలో ఉండే ఒక చేపల అక్క ఆ పని ఒప్పుకుంది. షెల్టరు తాళంచేతులూ ఆవిడ దగ్గరే ఉండేవి. పొద్దున గంపతో చీరాల వెళ్ళి చేపలమ్మి వచ్చి, మబ్బు పడితే చాలు మెట్లెక్కి కూర్చునేది.

సీసా తీసేటప్పుడు మాత్రం ఇద్దరు కావాలి. ఒకరు సీసాను తప్ప మరి దేన్నీ ముట్టుకోకూడదు. ఇంకొకరు పెట్టె తలుపు, మూత, సంచీ అన్నీ ముట్టుకోవచ్చు, సీసాను మాత్రం కాదు. వానలో పాదరసం ఎంత కొంచెం ఉంటుందంటే, మన చేతి మురికిలో ఉండేదే దానికంటే ఎక్కువ. ఈ పద్ధతి మేడమ్ ఎక్కడో చదివి నేర్చుకున్నారు, పేరు మాత్రం ఇంటి నుంచే తెచ్చారు. మడి చెయ్యి, మైల చెయ్యి. మడి చెయ్యి నాకు ఇచ్చారు. ఆ సంగతి చెబితే మా అమ్మ ముందు నమ్మలేదు, తర్వాత వీధంతా చెప్పుకుంది. కాలేజీలో ఒక లెక్చరర్ ఇదేం చోద్యమండీ అంటే, మేడమ్ తల ఎత్తకుండానే, "ఎవరు శుభ్రంగా కడుక్కుంటే వాళ్ళదే మడి" అన్నారు.

సీసా రెండు సంచుల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని పాసింజరు ఎక్కేవాళ్ళం. తెనాలిలో బండి మారి గుంటూరు. అక్కడ ఆవిడకి చదువు చెప్పిన మాస్టారి ల్యాబులో మూలపడ్డ పాత యంత్రం ఒకటి ఉండేది. ఒకసారి బండిలో ఎదురుగా కూర్చున్న ఒకావిడ సీసాకి దణ్ణం పెట్టి, కాశీ తీర్థమా అండీ అని అడిగింది. కాదమ్మా, వాన తీర్థం, పుచ్చుకునేది కాదు అన్నారు మేడమ్. మిర్చి సీజన్లో గుంటూరులో దిగగానే బండెడు జనం దగ్గేవాళ్ళు. ఆవిడొక్కరే దగ్గకుండా, సీసాని కొంగులో దాచుకుని ముందు నడిచేవారు.

ఆ పాత యంత్రానికి వానలో ఉండేంత తక్కువ పాదరసం ఆనేది కాదు. పాదరసం బంగారానికి అంటుకుంటుందని కంసాలికి ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్ళలోని పాదరసాన్ని ఆవిరిగా లేపి సన్నటి బంగారు తీగ మీదుగా పంపితే అదంతా అక్కడ పోగవుతుంది, తీగను వేడిచేస్తే ఒక్కసారిగా వదిలేస్తుంది, అప్పుడు యంత్రానికి కనబడుతుంది. మరి బంగారం ఎవరిస్తారు? మేడమ్ తన చేతి గాజుల జతలో ఒకటి తీసి చీరాల కంసాలికిచ్చి తీగ లాగించారు. ఆయన బాధపడుతూ లాగాడు. ఒక చేతికి గాజు, ఒక చేయి బోసి. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కూడా ఆవిడ అలాగే వెళ్ళేవారు. అది చూసి వాళ్ళూ వీళ్ళూ ఏదో అనుకునేవారు. ఆ గాజు ఇన్నాళ్ళూ ఊరికే మోగింది, ఇప్పుడు పనిచేస్తోంది అనేవారు ఆవిడ.

కొలిచిన అంకెను ఎక్కడ పెట్టాలన్న దగ్గర కూడా మొండితనమే. వాన నీళ్ళు ఎవరివో వాళ్ళకే ముందు చెప్పాలన్నారు. షెల్టరు కింది గోడ మీద, జనం ఆటో కోసం నిలబడే చోట, నల్లరంగుతో ఒక్కో వానకీ ఒక్కో అంకె రాసేవారు. మొదట్లో ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత్తర్వాత గంపలు దించుకుని కూర్చున్న ఆడవాళ్ళు, ఈసారి ఎంతొచ్చింది మేడమ్మా అని అడగడం మొదలుపెట్టారు. చేపలు తినొచ్చా అని కూడా అడిగేవారు. తినండి, ఇప్పటికి భయం లేదు, ఇది ఇలాగే ఉండాలని అడగడానికే కొలుస్తున్నాను అని చెప్పేవారు. ప్లాంటు రాకముందు ఎంత ఉందో తెలియకపోతే, వచ్చాక ఎంత పెరిగిందో ఎవడూ చెప్పలేడు. ఆవిడ పట్టుదలంతా ఆ ఒక్క మాట మీదే.

అప్పుడొచ్చింది ఆ దసరా.

మన వైపు దసరాకి సైకిలుకీ మగ్గానికీ కుట్టు మిషనుకీ బొట్టు పెట్టనివాళ్ళు ఎవరు? మేడమ్ ఏటా మా ల్యాబులో త్రాసుకి పసుపు రాసి కుంకుమ పెట్టేవారు. ఆ ఏడాది షెల్టరు డాబా మీద పెట్టెకి కూడా పెట్టారు. గాజు ముట్టుకోలేదు, గరాటు జోలికి పోలేదు. మూత మీద మాత్రం పసుపు రాసి, బజారులో కొన్న ఎర్ర కుంకుమతో పెద్ద బొట్టు పెట్టి, కొబ్బరికాయ కింద మెట్టు మీద కొట్టారు. నేను పక్కనే ఉన్నాను. చేపల అక్క చప్పట్లు కొట్టింది. కాసేపు ముగ్గురం నవ్వుకున్నాం.

పండగ దాటగానే వాయుగుండం పట్టింది. అక్క ఎప్పటిలాగే పరుగెత్తి మూత తీసింది. మేం సీసా గుంటూరు తీసుకెళ్ళి కొలిచాం. అంకె మామూలు కంటే ఎన్నో రెట్లు వచ్చింది. మళ్ళీ కొలిచాం. అంతే. మేడమ్ ముఖం పాలిపోయింది. నిబంధన నిబంధనే కాబట్టి ఆ అంకెనూ గోడ మీద రాశారు.

ప్లాంటు మీద జనం మాట వినే సభ దగ్గర పడుతున్న రోజులవి. ప్లాంటు వద్దంటున్న జాలర్ల సంఘం పెద్దకి ఆ అంకె చూసి పండగైంది. ఎవరో పేపరువాళ్ళకి చెప్పారు. సముద్రంలో విషమని వార్త వచ్చింది. మర్నాడు చీరాల బజారులో చేపల గంపలు దించినవి దించినట్టే ఉండిపోయాయి. అక్క తన గంపను అలాగే మోసుకొచ్చి, గోడ కింద, ఆ అంకె కింద, చేపలన్నీ కుమ్మరించింది. ఒక్కటి కూడా కొనలేదన్నది. "మా నోట్లో మన్ను కొట్టావు మేడమ్మా" అన్నది. మేడమ్ వంగి ఆ చేపలు గంపలోకి ఎత్తడం మొదలుపెట్టారు. అక్క ఆవిడ చెయ్యి తోసేసి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఆవిడ అన్నం తిన్నారో లేదో నాకు తెలియదు. మర్నాటి నుంచి మాత్రం ఒక్కొక్కటే పరీక్ష చేయడం మొదలుపెట్టారు. సీసా బాగుంది. గరాటు బాగుంది. మందులు బాగున్నాయి. చివరికి మూత తుడిచిన తెల్లగుడ్డ అంచున గులాబీ చార కనబడింది. దాన్ని వెలుతురుకి ఎత్తి చూశారు. తర్వాత పూజ సామాను పెట్టెలోంచి ఆ కుంకుమ పొట్లం తీసుకుని, గుంటూరు బండెక్కి, చిటికెడు నీళ్ళలో కలిపి మాస్టారి యంత్రానికి ఇచ్చారు. ముల్లు అవతలి చివరకి కొట్టుకుంది. ఎర్రదనం కోసం ఆ పొడిలో ఎవడో పాదరసం ఉన్న రంగేదో కలిపాడు. మూత ఎత్తినప్పుడు ఎర్ర నీళ్ళు గరాటులోకి కారాయి. మా సముద్రం మీద పడిన ఆ విషం బొగ్గుది కాదు, మా బొట్టుది.

ఆ సాయంత్రమే చీరాలలో బండి దిగి, రంగుడబ్బా పట్టుకుని పల్లెకి బయలుదేరారు. సంఘం పెద్ద అడ్డం పడ్డాడు. మనిషి చెడ్డవాడు కాదు, నిజంగానే భయపడ్డాడు. సభ అయ్యేదాకా ఆగమన్నాడు, ఆ అంకె ఉంటే ప్లాంటు ఆగుతుందన్నాడు. ఎవరూ అడగని తప్పు ఎందుకు చెప్పుకోవడం అన్నాడు. అంతగా చెప్పాలంటే మూత తీసిన మనిషి చెయ్యి తగిలిందని చెప్పండి, ఆవిడకి చదువు లేదు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు అన్నాడు.

మేడమ్‌ని అంత కోపంగా నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. గొంతు మాత్రం పెంచలేదు. "ఆవిడ చెయ్యి శుభ్రంగా ఉంది. మురికి నాది. ఇంకో మాట విను. పనికొచ్చే అబద్ధం కూడా అబద్ధమే. ఇవాళ ఈ పెద్ద అంకె నీకు ముద్దొస్తుంది. రేపు ప్లాంటొచ్చి నిజంగా విషం పోస్తే, ముందు నుంచీ ఇంతే ఉంది గదా అంటారు. అప్పుడు నువ్వేం చెప్తావు?"

ఆయన పక్కకి తప్పుకున్నాడు. మేడమ్ ఆ అంకె మీద ఒకే ఒక గీత గీశారు. కింద అంకె కనబడాలి, చెరిపేయకూడదు అన్నారు. దాని పక్కన "తప్పు నాది" అని రాసి, కింద సంతకం పెట్టారు. చేపల అక్క తన గుడిసె గుమ్మంలోంచి చూస్తోంది. అక్కకి చదువు రాదు. ఏం రాశారని నన్ను అడిగింది, చదివి చెప్పాను. ఇంకోసారి చదవమంది.

సభ స్కూలు ఆవరణలో షామియానా కింద జరిగింది. మేడమ్ వంతు రాగానే ముందు చెప్పింది ఆ తప్పు సంగతే. షామియానా కింద నవ్వులు. కంపెనీ తరఫున వచ్చిన నిపుణుడు చిరునవ్వుతో లేచి, ఒక అంకె తప్పని ఆవిడే ఒప్పుకున్నారు, ఇక మిగతావి ఎలా నమ్ముతాం, అన్నీ తీసేయండి అన్నాడు. మా వాళ్ళు తలలు దించుకున్నారు. నేనూ దించుకున్నాను. మైకు పట్టుకున్న ఆవిడ చేయి గాజు లేని చేయి.

"ఒకటి తప్పని మీరు కనిపెట్టలేదు, నేను చెప్పాను. అందుకే మిగతావి నమ్మండి. మీ రిపోర్టులో తప్పులెన్నో మీరు చెప్పండి, మీవీ నమ్ముతాం."

ఆయన కూర్చున్నాడు. చప్పట్లేమీ కొట్టలేదు ఎవరూ. సంఘం పెద్ద మాత్రం లేచి తన కుర్చీ తెచ్చి ఆవిడకి వేశాడు.

ఆ ప్లాంటు కొన్నాళ్ళు వాయిదా పడింది, తర్వాత ఆ మాటే వినబడలేదు. మా వల్లే ఆగిందని నేను రాస్తే మేడమ్ లేచొచ్చి రుజువేదని నిలదీస్తారు కాబట్టి రాయను. ఎందుకు ఆగిందో మాకు తెలియదు. రేపు ఇంకోటి రావచ్చు. రానివ్వండి. రాకముందు మా వానలో ఎంత ఉందో మా గోడ మీద ఉంది. ఆ అంకెల్లో కొట్టేసినది ఏదో, ఎందుకు కొట్టేశామో కూడా ఉంది. బతుకంతా ఏం చేసిందని అడిగేవాళ్ళకి ఇదీ జవాబు. వచ్చి చదువుకోండి.

మరుసటి దసరాకి ఆవిడ పూజ మానేస్తారని చాలామంది అనుకున్నారు. మానలేదు. దుగ్గిరాల పసుపు, పిడుగురాళ్ళ సున్నం, నిమ్మరసం తెప్పించి కుంకుమ తనే తయారుచేశారు. దాన్నీ యంత్రంలో పరీక్షించి, ముల్లు కదలకపోయాకే భరిణెలోకి ఎత్తారు. అయినా డాబా ఎక్కించలేదు. కింద మొదటి మెట్టుకి బొట్టు పెట్టి, ఇక్కడి నుంచే అందుతుందిలే అన్నారు. మిగిలినది చేపల అక్క నుదుటన పెట్టారు. గంప కుమ్మరించిన నాటి నుంచి మెట్లెక్కడం మానేసిన అక్క, ఆ రోజు తాళంచేతులు మళ్ళీ బొడ్లో దోపుకుంది. ఆ పూట మేడమ్ ఇంటికి వెళ్ళేటప్పుడు కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఉప్పుగాలి అన్నారు.

రిటైరయ్యాక మోకాళ్ళు మొరాయించాయి. మెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చుని, పైనున్న మాకు కేకలేసేవారు. మడి చెయ్యి జేబులో పెట్టకు, ముక్కు గోక్కోకు, దగ్గొస్తే అటు తిరుగు అని. తర్వాత ఆరోగ్యం బాగోక గుంటూరులో తమ్ముడి ఇంటికి మారిపోయారు. చివరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు చాలా చిక్కిపోయి ఉన్నారు. నేను ఏడుపు ఆపుకుంటూ ఏదో చెప్పబోయాను. ఏడవడం తర్వాత, మొన్నటి వాన ఎంతొచ్చింది అని అడిగారు. చెప్పాను. తల ఊపి, మంచిది, చిన్న అంకెలు చదవడానికి బాగుండవు గానీ బతకడానికి బాగుంటాయి అన్నారు. ఆ మాటే మా మధ్య ఆఖరు. మిగిలిన గాజు చేతికి అలాగే ఉంది. అది ఇంక మోగడం లేదు, మణికట్టు దాటి జారిపోతోంది.

పోయిన పదకొండో రోజున గుంటూరు వెళ్ళి, భోజనాలై, తిరుగు బండిలో చీరాల వచ్చేసరికి సముద్రం వైపు ఆకాశం నల్లగా ఉంది. ఆటో పట్టుకుని పల్లెకి పరుగెత్తాను. దారిలోనే వాన దొరికింది. ఆ మధ్య షెల్టరుకి కొత్తగా సున్నం వేశారు. మేం రాసిందంతా పోయిందనుకుంటూనే ఆటో దిగాను. గోడంతా తెల్లగా మెరుస్తోంది. మధ్యలో తలుపంత మేర మాత్రం పాత గోడ అలాగే ఉంది. అంకెలన్నీ ఉన్నాయి, గీత కొట్టినదీ ఉంది, పక్కన రెండు మాటలూ ఉన్నాయి. సున్నం వేసేవాళ్ళు వచ్చినప్పుడు చేపల అక్క వీపు ఆ గోడకి ఆనించి నిలబడిందట. ముందు నా మీద వేయండి అన్నదట.

మెట్లెక్కి పైకి వెళ్ళాను. మూత తీసి పక్కన బోర్లించి ఉంది. గరాటులోకి వాన పడుతోంది. గరాటుకి ఒక బారెడు దూరంలో అక్క నిలబడి ఉంది, తల మీద ముసుగు కూడా లేకుండా, పూర్తిగా తడిసి. రెండు చేతులూ చీరకి తగలకుండా, గోడకి తగలకుండా, ముందుకు చాచి పట్టుకుంది. అరచేతుల మీది నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. నన్ను చూసి చేతులు దించలేదు.

"నేనేం ముట్టుకోలేదమ్మా" అన్నది. "నువ్వు కడుక్కొచ్చి తీసుకో."